ఇచ్చిన చెయ్యి వెళ్లిపోయాక

ఆయన రిటైరైన ప్రధానోపాధ్యాయుడు. అనంతపురం జిల్లా పల్లె బళ్లలోనే సర్వీసంతా గడిచింది. ఆయన మేనకోడలు చార్టర్డ్ అకౌంటెంటు. నాలుగేళ్లు మలావీలో ఉండి, విరాళాలతో నడిచే పనుల లెక్కలు చూసి ఈమధ్యే ఇంటికి వచ్చింది. పెన్షన్ బకాయిలు చేతికి రాగానే ఆయన రెండు లక్షలు పక్కన పెట్టారు, ఆఫ్రికా పల్లెల్లో చదువుకూ ఇళ్లకూ పంపుదామని. ఆమె వద్దంది. ఆ సాయంత్రం వరండాలో ఇద్దరి మధ్య నడిచిన మాటలివి.

మామ: వద్దని ఒక్క ముక్కలో తేల్చేశావు. అక్కడి పిల్లల్ని కళ్లారా చూసిన దానివి. నీ నోటి నుంచి ఈ మాట రావడమే నాకు మింగుడు పడటం లేదు తల్లీ.

మేనకోడలు: చూశాను కాబట్టే అంటున్నాను మామా. ముందు ఒక మాట. ఆఫ్రికా అంటే ఒక ఊరు కాదు, 54 దేశాలు. మలావీ పల్లెకు కావలసింది బుర్కినా ఫాసో పల్లెకు అక్కర్లేకపోవచ్చు. "ఆఫ్రికాకి పంపుదాం" అనడంలోనే సగం తప్పుంది. ఇక నేను చూసింది చెబుతాను. ఒక పల్లెలో రెండు గదుల బడి కట్టారు. గోడకు పాలరాతి పలక, పలక మీద దాతల పేర్లు. లోపల చూస్తే టీచరు లేడు. గాలివానకు ఒక పక్క రేకులు లేచిపోయి రెండేళ్లయింది. బాగుచేయించాల్సింది ఊరా, ప్రభుత్వమా, కట్టించినవాళ్లా? ఎవరిని అడిగినా ఇంకొకరి వైపు చూశారు. పిల్లలు మళ్లీ మామిడిచెట్టు కిందికే వచ్చారు.

మామ: ఒక బడి పాడుబడిందని బళ్లు కట్టడమే మానేస్తామా?

మేనకోడలు: ఒక్కటే అయితే నేనూ ఊరుకునేదాన్ని. ప్లేపంప్ కథ విన్నావా? పిల్లలు ఎక్కి తిరిగే రంగులరాట్నాన్ని బోరుకు బిగించారు. పిల్లలు ఆడుకుంటుంటే నీళ్లు వాటంతటవే ట్యాంకులోకి ఎక్కుతాయన్నారు. 2006లో అమెరికా అధ్యక్షుడి భార్య లారా బుష్ దీనికి 1.64 కోట్ల డాలర్లు ప్రకటించారు. ఒక్కొక్క పంపు ఖరీదు సుమారు 14,000 డాలర్లు. దక్షిణాఫ్రికాలో, మొజాంబిక్‌లో ఊళ్లలో ఉన్న చేతిపంపులు తీసేసి వీటిని పెట్టారు. పిల్లలు రోజంతా ఆడతారా మామా? వాళ్లు బడికి వెళ్లాక, నీళ్లకొచ్చిన ఆడవాళ్లు నడుం వంచి ఆ రాట్నాన్ని తిప్పుకోవలసి వచ్చింది. చెడిపోతే బాగుచేసే మనిషి ఊళ్లో లేడు. నాలుగైదేళ్లలో ఆ ఆర్భాటమంతా చల్లారిపోయింది. పోయింది డబ్బొక్కటే కాదు, అంతకుముందు చక్కగా పనిచేసిన చేతిపంపులు కూడా.

మామ: అది నీళ్ల యంత్రం. నేను అడుగుతున్నది చదువు.

మేనకోడలు: చదువు గురించే చెబుతాను. పశ్చిమ కెన్యా పల్లెల్లో పిల్లలకు పాఠ్యపుస్తకాలు లేవని ఒక డచ్ స్వచ్ఛంద సంస్థ కొనిచ్చింది. ఫలితం ఎలా ఉందో ఆర్థికవేత్తలు లెక్క కట్టి చూశారు. సగటున మార్కులు పెరగలేదు. మొదటి నుంచీ బాగా చదివే పిల్లలకే ఉపయోగపడ్డాయి. ఎందుకో నువ్వే చెప్పు, నువ్వు మేష్టారివి.

మామ: పుస్తకం ఏ భాషలో ఉంది?

మేనకోడలు: ఇంగ్లీషులో. ఆ పిల్లలకు ఇంట్లో ఒక భాష, తర్వాత స్వాహిలి. ఇంగ్లీషు మూడోది.

మామ: ఇంకేం ఉంది! చదవడం రాని పిల్లవాడి చేతిలో పుస్తకం బరువే కదా. నేను చెప్పిన తరగతుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో. కానీ నువ్వు సగం కథే చెప్పావు తల్లీ. అదే పశ్చిమ కెన్యాలో, బుసియా ప్రాంతంలో, ఆ పరిశోధకుల్లోనే ఒకరైన మైకెల్ క్రెమర్ 1998 నుంచి 75 బళ్లలో ఇంకో పని కూడా పరీక్షించి చూశారు. పిల్లలకు నులిపురుగుల మాత్రలు మింగించారు. బడి ఎగ్గొట్టడం నాలుగో వంతు తగ్గింది. ఆ మాత్ర ఖరీదు పైసల్లో ఉంటుంది. ఆయనకు 2019లో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోలతో కలిపి నోబెల్ వచ్చింది కూడా. పుస్తకం పనిచేయలేదని తెలిసిందీ, మాత్ర పనిచేసిందని తెలిసిందీ ఎలా? ఎవరో ఒకరు ముందు ఇచ్చి, తర్వాత నిజాయితీగా చూశారు కాబట్టి. ఇవ్వడమే మానేసి ఉంటే రెండూ తెలిసేవి కావు.

మేనకోడలు: ఇవ్వద్దని కాదు నా బాధ. ఇచ్చేవాడికి తోచింది ఇవ్వడం దగ్గరే వస్తోంది చిక్కంతా. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ ఎవరూ అడక్కుండానే, ఎవరికీ అక్కర్లేనిది పెడుతున్నారు.

మామ: అయితే అడిగి కట్టిన బడి గురించి చెబుతా విను. బుర్కినా ఫాసోలో గాండో అనే పల్లె. అప్పట్లో కరెంటు లేదు, బడి లేదు. ఊరి పెద్దగారి కొడుకు ఫ్రాన్సిస్ కేరే. ఏడేళ్ల వయసులో ఇల్లు వదిలి తెంకొడొగో పట్నంలో బడికి వెళ్లాడు. సెలవులకు ఊరొచ్చి, తిరిగి వెళ్లేటప్పుడు ఇంటింటికీ చెప్పి వెళ్లాలి. అప్పుడు ఊరి ఆడవాళ్లు కొంగు ముడి విప్పి, తమ దగ్గర మిగిలిన చివరి నాణెం వాడి చేతిలో పెట్టేవారట. ఎందుకిలా ఇస్తున్నారని పిల్లవాడు తల్లిని అడిగాడు. వీడు చదువుకుంటే ఏదో ఒకరోజు ఊరికి మేలు చేస్తాడన్న నమ్మకంతోనని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత వడ్రంగం నేర్చుకోవడానికి స్కాలర్‌షిప్ మీద 1985లో జర్మనీ వెళ్లాడు. బెర్లిన్‌లో ఆర్కిటెక్చర్ చదువుతూనే 1998లో ఒక సంఘం పెట్టి, జర్మనీలో తెలిసినవాళ్ల దగ్గర చందాలు పోగుచేశాడు. 2001లో, చదువు ఇంకా పూర్తి కాకముందే, గాండోలో బడి కట్టించాడు.

మేనకోడలు: ఆయనకు 2022లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఆ గౌరవం పొందిన మొదటి ఆఫ్రికన్ ఆర్కిటెక్టు ఆయనే. నాకు తెలుసు మామా.

మామ: బహుమతి తెలుసు. కట్టిన తీరు తెలుసా? మట్టితో కడతానంటే ఊరివాళ్లే ఒప్పుకోలేదు. మట్టి బీదవాళ్లది, వానకు కరిగిపోతుంది, మాకు సిమెంటు బడి కావాలన్నారు. వాళ్లతో వాదించలేదు, మట్టిలో కొంచెం సిమెంటు కలిపి, ఒత్తి ఇటుకలు చేసి, వాటి గట్టిదనం చూపించాడు. ఆ తర్వాతే పని మొదలైంది. పిల్లలు పునాదికి రాళ్లు మోశారు. ఆడవాళ్లు నీళ్లు తెచ్చారు, నేల దిమ్మిస కొట్టారు. ఇటుకల కప్పు మీద, కాస్త ఎడం వదిలి రేకుల కప్పు లేపారు. వేడిగాలి పైకి పోతుంది, గది చల్లగా ఉంటుంది. ఏసీ లేదు, ఫ్యాను లేదు. ఆ రేకులను మోసే ఇనుప చట్రం కూడా మామూలు ఇనుప కడ్డీలతో, ఊరి కుర్రాళ్లు కోసి, వెల్డింగ్ చేసుకున్నదే. మొదట 120 మంది పిల్లలు. తర్వాత ఆ బడి 700 మందికి పెరిగింది. ఆ పనిలో తాపీ నేర్చుకున్నవాళ్లు ఇంకెక్కడైనా పని చేసుకుని బతకగలరు. ఇప్పుడు చెప్పు, ఆ జర్మనీ దాతల డబ్బు వృథా అయిందా?

మేనకోడలు: కాలేదు. కానీ కేరే ఆ ఊరి బిడ్డ. ఏ గోడ ఎటు కూలుతుందో, ఏ పెద్దమనిషి ఎందుకు అలుగుతాడో ఆయనకు తెలుసు. నీ రెండు లక్షలతో వెళ్లే మనిషికి అది తెలియదు. ఆఫ్రికాలో ప్రతి ఊరికీ ఒక కేరే దొరుకుతాడా?

మామ: పుట్టుకతో దొరకడు. ఆడవాళ్లు ఇచ్చిన నాణేలతోనూ, ఎవరో ఇచ్చిన స్కాలర్‌షిప్‌తోనూ తయారయ్యాడు. దానం ముందు ఆయన్ని చదివించింది, తర్వాత ఆయన చేత బడి కట్టించింది. ఈ వరస మరిచిపోకు.

మేనకోడలు: సరే, దాన్ని ఒప్పుకుంటాను. మరి లెక్క మాట చెప్పు. నేను లెక్కలు చూసేదాన్ని కదా. మలావీలో 1994లో కొత్త ప్రభుత్వం ప్రాథమిక విద్యకు ఫీజు తీసేసింది. ఒక్క ఏడాదిలో 19 లక్షల మంది పిల్లలు కాస్తా దాదాపు 30 లక్షలయ్యారు. కెన్యాలో 2003లో ఫీజు తీసేస్తే పది లక్షలకు పైగా పిల్లలు కొత్తగా బడికొచ్చారు. 84 ఏళ్ల తాత కూడా వచ్చి ఒకటో తరగతిలో కూర్చున్నాడు. ప్రపంచంలోని దాతలందరూ కలిసినా ఒక్క ఏడాదిలో ఇంతమందిని బడిలో వేయగలరా? కొండంత దేవుడికి కొండంత పత్రి ఎక్కడ తెస్తారు మామా? అది ప్రభుత్వం వల్లే అవుతుంది. మనం పోయి నాలుగు గదులు కడితే, ప్రభుత్వం తన బాధ్యత దులుపుకుని కూర్చుంటుంది. నా అసలు భయం ఇది.

మామ: ఆ 11 లక్షల మంది కొత్త పిల్లలు ఎక్కడ కూర్చున్నారు?

మేనకోడలు: చెట్ల కింద.

మామ: పాఠాలు చెప్పింది ఎవరు?

మేనకోడలు: చాలామంది కొత్తగా తీసుకున్నవాళ్లు. పూర్తి శిక్షణ లేనివాళ్లు. ఒకటో తరగతిలో వందమందికి పైగా పిల్లలు ఉండటం ఇప్పటికీ మామూలే. అదే నేను చెప్పేదీ. బడిలో పేరుంది, చదువు లేదు. సహారా దిగువ ఆఫ్రికాలో పదేళ్ల పిల్లల్లో పదికి తొమ్మిది మంది చిన్న పేరా చదివి అర్థం చేసుకోలేకపోతున్నారని 2022లో ప్రపంచ బ్యాంకు లెక్క. నీ డబ్బుతో గోడలు లేస్తాయి. చదవడం వస్తుందా?

మామ: గోడలతో రాదు, టీచరుతో వస్తుంది. టీచరు ఊళ్లో ఉంటే వస్తుంది. ఇది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నా మొదటి పోస్టింగు నీకు ఎప్పుడూ చెప్పలేదు కదూ? రోడ్డు నుంచి ఆరు కిలోమీటర్లు నడవాలి. సాయంత్రం బస్సు ఒక్కటే. అది అందాలంటే మూడింటికే బడి వదిలి బయలుదేరాలి. ఊళ్లో ఉండటానికి గది లేదు. తొలి ఏడాదంతా ఆఖరి గంట పాఠం నేను ఎగ్గొట్టాను. పిల్లలు ఎదురు చూస్తుండగానే లేచి వెళ్లేవాణ్ణి. ఆ తప్పు నాది. రెండో ఏడు ఊళ్లో ఒక ముసలమ్మ తన ఇంటి వసారాకు తడికె కట్టి, గదిలా చేసి ఇచ్చింది. అద్దె తీసుకోలేదు. అక్కడ ఐదేళ్లు ఉన్నాను. రాత్రి లాంతరు పెడితే పిల్లలు పుస్తకాలు పట్టుకుని వచ్చేవారు. ఆ ఊరికి బడి వచ్చింది సర్కారు గోడలతో కాదు తల్లీ, ఆ వసారాతో.

మేనకోడలు: ఇది నాకు తెలియదు మామా.

మామ: కేరే చేసిన రెండో పని ఏమిటో తెలుసా? బడి లేచిన మూడేళ్లకు, 2004లో, టీచర్లకు ఇళ్లు కట్టించాడు. ఇల్లు లేనిచోట టీచరు నిలవడని ఆయనకు తెలుసు. నేను ఇళ్లకని చెప్పింది ఇదే.

మేనకోడలు: ఇది మాత్రం నిజం. మలావీ పల్లెల్లో టీచర్లకు ఉండటానికి చోటు లేకపోతే బదిలీ కోసం చూస్తూనే ఉంటారు. ఆడ టీచర్లు అసలు ఒప్పుకోరు. టీచరుకు ఇల్లున్న చోట ఊరివాళ్ల మాట తీరే మారిపోతుంది. "మా టీచరు" అంటారు. అక్కడ బడి కట్టడంలో ఒక మంచి పద్ధతి కూడా చూశాను. ఊరివాళ్లు ఇటుకలు కాల్చి, ఇసుక తోలి, నీళ్లు మోస్తారు. సిమెంటూ, మలతా మాత్రం బయటి నుంచి వస్తాయి. మలత అంటే వాళ్ల భాషలో రేకులు. ఊరి వాటా ఉన్న గోడకు పగులొస్తే ఊరే మెత్తుతుంది. పాలరాతి పలక ఉన్న గోడకు పగులొస్తే అందరూ దాతకు ఉత్తరం రాస్తారు.

మామ: ఇందాకటి నుంచి నేను చెబుతున్నదే నువ్వు ఇంకా బాగా చెప్పావు.

మేనకోడలు: టీచరు ఇల్లు సరే. మామూలు జనం ఇళ్ల మాటేంటి? దానికి మనమెందుకు కట్టించాలి? డబ్బు వాళ్ల చేతికిస్తే చాలు. కెన్యాలో సియాయా ప్రాంతంలో గివ్‌డైరెక్ట్లీ అనే సంస్థ ఏం చేసిందో చూడు. గడ్డి కప్పు ఉన్న ఇంటిని పేద ఇల్లుగా గుర్తుపట్టి, షరతుల్లేకుండా నగదు ఇచ్చింది. తాగి తగలేస్తారని అందరూ అన్నారు. మద్యం ఖర్చు పెరగలేదని లెక్కల్లో తేలింది. చాలామంది కొన్నది రేకుల కప్పు. గడ్డి కప్పు అయితే మాటిమాటికీ మార్చాలి, రేకులైతే ఏళ్ల తరబడి ఉంటాయి. తర్వాత పదివేలకు పైగా ఇళ్లకు తలా 1,000 డాలర్లు ఇచ్చి చూస్తే, డబ్బు అందని పొరుగువాళ్ల ఆదాయాలు కూడా పెరిగాయి. ఎందుకంటే ఆ డబ్బు ఊరి కొట్లలోనే ఖర్చయింది. ఏ ఇల్లు కావాలో ఇంటి ఇల్లాలికి తెలియదా?

మామ: తెలుసు. ఇంటి విషయంలో నీ మాటకు తల వంచుతాను. మన జిల్లాలో విన్సెంట్ ఫెర్రర్ 1969లో వచ్చి ఆర్డీటీ అనే సేవాసంస్థ మొదలుపెట్టిన దగ్గర్నుంచీ స్పెయిన్‌లో మామూలు జనం పంపిన చందాలతో వేల ఇళ్లు లేచాయి. ఇంటి పట్టా ఆడమనిషి పేరు మీద ఉండేలా చూశారు. ఊళ్లలో సాయంత్రం బళ్లు పెట్టారు. నా తరగతిలో వెనక బెంచీ పిల్లలు ఆ సాయంత్రం బళ్ల వల్ల ముందుకు రావడం నేను చూశాను. మనకు ముక్కూ మొహం తెలియనివాళ్లు పంపిన డబ్బు అది. ఆ బాకీ ఉంది నాకు. అందుకే ఇవాళ నేనూ ముక్కూ మొహం తెలియని పిల్లలకు పంపుదామనుకున్నాను. కానీ నగదుతో టీచరు రాడు తల్లీ. ఒక ఇల్లాలు తన డబ్బుతో రేకులు కొనుక్కోగలదు, బడిని కొనుక్కోలేదు. బడి ఊరంతా కలిసి చేయాల్సిన పని.

మేనకోడలు: అది కూడా బయటివాళ్లు నేర్పక్కర్లేదు. కెన్యాకు 1963లో స్వాతంత్ర్యం వచ్చాక జనం హరాంబే అంటూ, అంటే అందరం కలిసి లాగుదాం అంటూ, చందాలు వేసుకుని వందల హైస్కూళ్లు కట్టుకున్నారు. ఇక ఇళ్ల సంగతి. సహారా దిగువ ఆఫ్రికాలో 2000లో 11 శాతం మందికి ఉన్న మంచి ఇళ్లు 2015 నాటికి 23 శాతానికి పెరిగాయి. జనం తమ చేతులతో పైకొస్తున్నారు మామా. ఆకలితో ఉన్న పిల్లవాడి ఫొటో పెట్టి చందా అడిగేవాళ్లు ఇది చెప్పరు. నీకు ఏటా ఆ పిల్లవాడి ఫొటో, ఉత్తరం పంపుతామంటారు. ఆ పిల్లవాడు తన పేదరికాన్ని ప్రతి ఏడూ రాసి పంపాలి. అలాంటి ఉత్తరం ఒకటి నేను చదవబోయాను. చదవలేకపోయాను.

మామ: ఫొటో వద్దు. నాకు ఆ పిల్లవాడి ఉత్తరం అక్కర్లేదు. ఆ ఇళ్ల లెక్కల్లో ఇంకో మాట కూడా ఉంది కదా, చదువుకున్న కుటుంబాల్లో మంచి ఇల్లు ఉండే అవకాశం చాలా ఎక్కువని?

మేనకోడలు: ఉంది.

మామ: అంటే బడి కట్టడం కూడా ఒక రకంగా ఇల్లు కట్టడమే. పాతికేళ్ల తర్వాత లేచే ఇల్లు. ఇప్పుడు నువ్వు చెప్పు. లెక్కలన్నీ పక్కన పెట్టు. ఆ నాలుగేళ్లలో నిన్ను నిద్రపోనివ్వనిది ఏమిటి?

మేనకోడలు: హైస్కూలు పిల్లలు మామా. ఆడపిల్లలు. ప్రాథమిక బడి ఊళ్లో ఉంటుంది. హైస్కూలు పదీ పదిహేను కిలోమీటర్ల దూరం. రోజూ నడవలేక, నలుగురైదుగురు కలిసి బడి పక్కన గది అద్దెకు తీసుకుంటారు. తలుపుకు సరైన గడియ కూడా ఉండదు. వాళ్లే వంట, వాళ్లే కాపలా. ఇంటి యజమాని దగ్గర్నుంచి దారిన పోయేవాడి దాకా అందరికీ ఆ పిల్లలు ఒంటరిగా ఉన్నారని తెలుసు. టర్ము మధ్యలో ఒక పిల్ల కనిపించదు. అడిగితే, ఊరికి వెళ్లిపోయింది అంటారు. ఎందుకు వెళ్లిపోయిందో ఎవరూ చెప్పరు. అందరికీ తెలుసు.

మామ: ఆ పిల్లలకు ఇల్లు ఏ ప్రభుత్వం, ఏ రోజుకి కట్టిస్తుంది?

మేనకోడలు: కట్టించాలి. కట్టిస్తుందని నమ్మాలి.

మామ: నమ్ము. పోరాడు. కానీ పద్నాలుగేళ్ల వయసు ఆ పిల్లకు మళ్లీ రాదు. ప్రభుత్వం మేలుకునేదాకా ఆగమని ఆ పిల్లకు మనం చెప్పలేం. దానం చేయగలిగింది ఈ ఒక్కటే, ఆగలేని పిల్ల కోసం ఇవాళ తలుపుకు గడియ పెట్టడం. అలా ఆగలేని పిల్లల్ని చదివించే పని జింబాబ్వేలో 1993లో క్యామ్‌ఫెడ్ అనే సంస్థ 32 మంది ఆడపిల్లలతో మొదలుపెట్టింది కదా. ఆడపిల్లల్ని చదివించకపోవడం అక్కడి ఆచారం అనుకునేవారు. ఊళ్లో కూర్చుని అడిగితే, డబ్బు లేకే అని తేలింది. సాయం పొందిన తొలి అమ్మాయిల్లో ఒకరైన ఏంజెలిన్ మురిమిర్వా ఇవాళ ఆ సంస్థనే నడుపుతున్నారు. చదువుకున్న అమ్మాయిలు సంఘంగా ఏర్పడి, తమ ఊళ్లలో చిన్నపిల్లల్ని చదివిస్తున్నారు. ఇచ్చిన చెయ్యి వెళ్లిపోయాక కూడా ఇవ్వడం ఆగలేదు.

మేనకోడలు: అది దానమే అయినా దానంలా లేదు. అప్పులా ఉంది. తీసుకున్నవాళ్లు వేరే పిల్లలకు తీర్చే అప్పు.

మామ: నా బాకీ కూడా అదే.

మేనకోడలు: సరే మామా, నా పంతం కొంత వదులుకుంటాను. కానీ కొంత వదలను. టీచరు జీతం మాత్రం ఎప్పటికీ ప్రభుత్వమే ఇవ్వాలి. ఆ బరువు దాత ఎత్తుకున్న రోజు, దాత దిగిపోయిన రోజు బడి కూలుతుంది. ప్రభుత్వం టీచరును ఇస్తానని రాసిచ్చిన చోటే మన ఇటుక పెట్టాలి. ఊరు తన వాటా పెట్టాలి. ఊరి మేస్త్రీ బాగుచేయలేని వస్తువు ఏదీ వాడకూడదు. ఇంకొకటి. ఇన్ని చేసినా అన్నిటికీ హామీ లేదు. బుర్కినా ఫాసోలో ఉగ్రవాదుల దాడుల వల్ల 2023 నాటికి 6,000కు పైగా బళ్లు మూతపడ్డాయి. ఏ దాత గోడ కూడా తుపాకీని ఆపలేదు.

మామ: ఆపలేదు. కానీ తుపాకులు ఆగాక తిరిగి తెరవడానికి చేయి తిరిగిన మేస్త్రీలూ, చదువుకున్న తల్లులూ ఊళ్లో ఉంటారు. అది ఎవరూ మూసేయలేరు.

మేనకోడలు: అలా అనుకుందాం.

మామ: ఆ కాగితం ఇలా ఇవ్వు. "ఆఫ్రికా పిల్లల చదువుకు" అని రాశాను. కొట్టేస్తున్నాను. నీకు తెలిసిన ఊరు చెప్పు. టీచరు ఉండి, ఇల్లు లేని ఊరు. లేదా ఆడపిల్లలు గడియ లేని గదిలో ఉన్న బడి.

మేనకోడలు: రెండూ తెలుసు. మలావీలో ఒక ఊరివాళ్లు ఇటుకలు కాల్చి పెట్టుకుని ఏడాదిన్నరగా రేకుల కోసం చూస్తున్నారు, టీచరింటికి. నేను రేపు ఆ ఊరి బడి కమిటీతో మాట్లాడతాను. ఇంకా అవే కావాలో, వేరే ఏదైనా కావాలో ముందు వాళ్లనే అడుగుతాను.

మామ: అడుగు. పలక మీద పేరు మాత్రం వద్దని చెప్పు.

మేనకోడలు: ఎవరి పేరూ వద్దా?

మామ: రాయాలనుకుంటే నాకు వసారా ఇచ్చిన ముసలమ్మ పేరు రాయాలి. ఆవిడ పేరు నేను ఐదేళ్లలో ఒక్కసారీ అడగలేదు తల్లీ. అవ్వా అనే పిలిచాను.